ఎనభై సెకన్లు

పెట్టె కింద కదిలి పైన ఆగేదాకా
ఎనభై సెకన్లు.
సముద్రపు గాలి అడ్డం తగిలితే ఎనభై మూడు.
అంతకు మించి నాకెవరూ ఇవ్వలేదు,
నేనూ అడగలేదు.

వాల్పరైసోలో కొండెక్కే జనం
నిద్ర కళ్లతో పలకలా నిలబడతారు.
పైన యంత్రం గదిలో నేను.
కుడిచేయి మీటది, జీతం దానికే.
అందుకని ఎడమచేతికి నేర్పాను
నలభై ఒకటో ఏట,
బడికి కొత్తగా వచ్చిన పిల్లకి దిద్దించినట్టు.
మొదటి ఏడాదంతా కోడి కెలికినట్టే.

చెల్లిపోయిన టికెట్ల వెనక తెలుపు ఉంటుంది,
వేలెడంత.
నా కిటికీకి కంత ఉంటుంది, జానెడు.
అందులోంచి మొహాలు రావు,
నాణేలు పట్టుకుని చేతులే వస్తాయి.

చేపలమ్మే ఆనీబల్ బొటనవేలి మీద
ఎప్పుడూ ఒక పొలుసు మెరుస్తుంది,
తొందరలో ఉంగరం బదులు అదే తగిలించుకొచ్చినట్టు.
సోమవారం ఆ గోరు.
మంగళవారం గోరు పక్క చీలిన చర్మం.
బుధవారం వాడు రాలేదు,
గుర్తున్న మేరకు ఒక ముడత వేసి ఆపాను.
మణికట్టు చేరేసరికి మూడు వారాలు.
పియానో నేర్పే ఓర్తెన్సియా తొడుగు తియ్యదు.
కుట్లు లెక్కపెట్టి గీశాను.

మా పర్యవేక్షకుడు డాన్ బౌదీలియో
ఓ రోజు కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేశాడు.
తిడతాడనుకున్నాను.
"ఇందులో నా చెయ్యేది?" అన్నాడు.
"మీరు డబ్బులివ్వరు కదండీ" అన్నాను.

ఇంటికెళ్తే హోటలు దుప్పట్ల ఇస్త్రీ,
మడతకింత అని.
నికనోర్ లెక్కలు, వాడి దగ్గు, వాడి తప్పిపోయిన ఒంటి మేజోడు.
రెప్పలు వాలే వేళ
టికెట్టు మీద ఒక చుక్క పెడతాను.
చుక్క పెట్టినా ఆ రోజు గీసినట్టే.
ఈ చట్టం నేను రాసుకున్నది,
మార్చే హక్కూ నాదే,
ఇంకా మార్చలేదు.

ఆగస్టులో ఇనుపతాడు మార్చారు.
పదకొండు రోజులు సెలవు, జీతంతో!
బజారుకెళ్లి దళసరి కాగితాల పుస్తకం కొన్నాను,
పన్నెండు పెన్సిళ్లు, కత్తి కూడా.
బల్ల తుడిచి, కుర్చీ కిటికీ వైపు తిప్పి
రాణీగారిలా కూర్చున్నాను.

కాగితం చాలా పెద్దది.
దాని నాలుగు మూలలూ నా వైపే చూశాయి.
లేచి కిటికీలు కడిగాను.
రెండో రోజు గిన్నెలన్నీ దించి తోమాను.
మూడో రోజు ఒక బేరికాయ గీస్తే
"బూటు బాగుందమ్మా" అన్నాడు నికనోర్,
మనసు నొప్పించకూడదని.
నాలుగో రోజు
కుడిచేయి ఒళ్లో ఖాళీగా పడి ఉండటం చూశాను.
పట్టుకోవడానికేమీ లేక
అది రెండోదాని పని చెడగొడుతోంది.

ఆరో రోజు పొయ్యి మీద పాలు పెట్టాను.
కుడిచేత్తో గిన్నె పిడి పట్టుకున్నాను.
అంచున తొలి బుడగ లేచినప్పుడు
రొట్టె చుట్టొచ్చిన కాగితం ముక్క మీద
ఎడమచేయి తనంతట తానే బయల్దేరింది.
పిడి మీద నా వేళ్లే అవి.
ఇన్నేళ్లలో నన్ను నేను గీసుకోలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
పాలు పొంగాయి, పోనీ.

ఆ పెద్ద పుస్తకం ఇప్పుడు నికనోర్‌ది.
వాడు ఓడలు గీస్తాడు,
ఒక్కో ఓడకి ఇరవై లంగర్లు.

పన్నెండో రోజు మళ్లీ మీట.
కంతలోంచి పొలుసు మెరిసింది.
"బతికే ఉన్నావా, ఎదెల్మీరా?" అంది ఆ చేయి.

కొత్త తాడు చురుకైనది.
ఇప్పుడు డెబ్బై రెండే.
చిటికెనవేలి దాకా వచ్చేసరికి
గంట మోగిపోతోంది.
చిటికెనవేలు
దిగేటప్పుడు చూసుకుందాం.